మెట్ల పక్కన వేలాడే ఎర్ర సిలిండర్ ఏ మంటకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా కనిపించేది దాదాపు ఒకటే. లిఫ్టు పక్కన, మెట్ల మలుపులో, గోడకు కొట్టిన కొక్కేనికి ఓ ఎర్ర సిలిండర్, అంటే మంటలార్పే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. దాని మీద దుమ్ము, మెడకు కట్టిన సర్వీసు ట్యాగు, పొట్ట మీద ‘ఏబీసీ’ అని పెద్దక్షరాలు. స్టిల్ట్ పార్కింగ్‌లో అదే, మీటర్ల గదిలో అదే, జనరేటర్ పక్కన అదే, టెర్రస్ మీద లిఫ్టు మెషిన్ రూంలోనూ అదే. బిల్డర్ ఒకేసారి డజను తెచ్చి తగిలించాడు. ఆ తర్వాత వాటి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఈ అలవాటు పూర్తిగా తప్పేమీ కాదు. ఒక్క రకమే కొనగలిగితే పొడి చిమ్మే ఈ ఏబీసీ పౌడరే కొనాలి. కానీ మామూలు భవనంలోనే ఆ ఒక్క రకం సరిపోని చోట్లు మూడున్నాయి: పెద్ద మూకుడు పెట్టే వంటగది, ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్న గది, బ్యాటరీ బండ్లకు చార్జింగ్ పెట్టే పార్కింగ్. షాపుకెళ్లి ‘ఏది మంచిదండీ’ అని అడిగితే సరైన జవాబు రాదు. తగిలించే చోట అంటుకోగలిగే వస్తువేమిటి, అది ఆరాలంటే చల్లార్చాలా, గాలి తగలకుండా కప్పాలా అన్నవి ముందు తేలాలి.

సిలిండర్ మీది అక్షరాలు ఆ సంగతే చెబుతాయి. మన దేశంలో చేతితో వాడే ఎక్స్‌టింగ్విషర్ల తయారీకి ఐఎస్ 15683, ఎక్కడ ఏది పెట్టాలి, ఎలా కాపాడుకోవాలి అన్నదానికి ఐఎస్ 2190 ప్రమాణం. వీటి లెక్కన ఏ అంటే కట్టె, కాగితం, గుడ్డ, పత్తి, గడ్డి లాంటివి, కాలి నిప్పుకణికలు మిగిల్చేవి. బీ అంటే పెట్రోలు, డీజిల్, థిన్నర్, పెయింటు లాంటి మండే ద్రవాలు. సీ అంటే వంటగ్యాసు లాంటి వాయువులు. డీ అంటే మెగ్నీషియం, సోడియం లాంటి లోహాలు. ఎఫ్ అంటే వంటనూనెలు, కొవ్వులు.

ఇక్కడే ఓ తిరకాసుంది. అమెరికాలో సీ అంటే గ్యాసు కాదు, కరెంటు. అక్కడ గ్యాసు మంటలను బీలోనే కలిపేశారు, వంటనూనెకు కే అని విడిగా అక్షరమిచ్చారు. యూట్యూబ్‌లో దొరికే వీడియోల్లో చాలా భాగం అమెరికావే కాబట్టి, వాటిని చూసి తెలుగులో చెప్పేవాళ్లు కూడా ‘సీ అంటే షార్ట్ సర్క్యూట్’ అని చెప్పేస్తుంటారు. డాలస్‌లో ఉన్న కూతురింటి వంటగది అరలో 1-ఏ:10-బీ:సీ అని రాసిన చిన్న డబ్బాకూ, ఇక్కడ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో వేలాడే ఏబీసీకీ అక్షరాలు ఒకటే, చివరి అక్షరం అర్థం మాత్రం వేరు. ఎవరి దేశం డబ్బా మీది రాతను ఆ దేశం పద్ధతిలోనే చదవాలి.

మరి మన దగ్గర కరెంటు మంటకు అక్షరమేది? లేదు. దానికి కారణమూ ఉంది. కరెంటు కాలదు, కాలబెడుతుంది. కాలేది తీగ మీది ప్లాస్టిక్ తొడుగు, స్విచ్‌బోర్డు చెక్క, ట్రాన్స్‌ఫార్మర్‌లోని నూనె. మెయిన్ ఆపేస్తే అది మామూలు ఏ మంటో బీ మంటో అవుతుంది. అందుకే కరెంటు ఉన్నచోట వాడవచ్చా లేదా అన్నది అక్షరంలో కాకుండా లేబుల్ మీద విడిగా రాస్తారు. ఎంత వోల్టేజీ వరకు, ఎంత దూరం నుంచి కొట్టవచ్చో కూడా అక్కడే ఉంటుంది. కొనేటప్పుడు ఈ చిన్నక్షరాల వరుస చదివేవాళ్లు అరుదు.

అక్షరం ముందు అంకె కూడా ఉంటుంది. 21బీ, 2ఏ లాగా. అది పరీక్షలో ఆ సిలిండర్ ఎంత పెద్ద మంటను ఆర్పిందో చెప్పే కొలత. అంకె పెద్దదైతే అంత పెద్ద మంటను ఆర్పగలదు. సీకి మాత్రం అంకె ఉండదు. ఒకే బరువున్న రెండు కంపెనీల సిలిండర్లలో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు. అందుకే ధరకు ధర, కిలోకు కిలో పోల్చుకుని కొంటే మోసపోయే అవకాశం ఎక్కువ.

నీళ్ల సిలిండర్ ఇప్పుడు పాతకాలపు సరుకులా కనిపిస్తుంది గానీ, పత్తి, కాగితం, గడ్డి కాలేచోట దానికి సాటి లేదు. గడ్డివాము తగలబడటం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పైన మంట పోయినా లోపల రగులుతూనే ఉంటుంది. సాయంత్రం ఆరిందనుకున్నది తెల్లారేసరికి మళ్లీ లేస్తుంది. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లదీ ఇదే తంతు. లోపలి వేడి తీసేయగలిగింది నీళ్లే. పౌడరు పైమంటను గబుక్కున పడగొడుతుంది, లోపలి నిప్పును చల్లార్చదు. కాబట్టి మిర్చి బస్తాలో, పుస్తకాల గోదామో, పెళ్లి టెంట్ల సామానో ఉన్నచోట పౌడరుతో పాటు నీళ్ల సిలిండర్లు కూడా ఉండి తీరాలి. నీళ్లు కొట్టేముందు ఆపడానికి కరెంటు మెయిన్ ఎక్కడుందో అక్కడి మనుషులకు తెలిసి ఉండాలన్నది దీనికి అతికిన షరతు.

ఏబీసీ పౌడరు పని చేసే తీరు కాస్త తెలుసుకోదగ్గది. అందులో ముఖ్యమైన సరుకు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. మంటలో జరిగే రసాయన చర్యల గొలుసును ఆ పొడి రేణువులు తెంపేస్తాయి, మంట క్షణాల్లో పడిపోతుంది. అదే పొడి సుమారు 190 డిగ్రీల దగ్గర కరిగి, కాలుతున్న కట్టె మీద జిగటగా పరుచుకుంటుంది. గాలి తగలకుండా చేస్తుంది. బీసీ పౌడరుగా అమ్మే సోడియం బైకార్బొనేట్‌కు, అంటే మన వంటసోడా రకం పొడికి, ఈ జిగట పొర కట్టే గుణం లేదు. అందుకే దాని లేబుల్‌లో ఏ ఉండదు. చవకగా వస్తోందని బీసీ తెచ్చి బట్టల షాపులో పెడితే అది పేరుకే ఉన్నట్టు.

పెట్రోలు, థిన్నర్, రసాయన డ్రమ్ముల దగ్గర పౌడరు తక్షణం పని చేస్తుంది, నురగ నిలకడగా పని చేస్తుంది. ఫోమ్ సిలిండర్ నుంచి వచ్చే నురగ ద్రవం మీద దుప్పటిలా పరుచుకుని ఆవిర్లు పైకి లేవకుండా ఆపుతుంది. పౌడరుతో ఆరిన పెట్రోలు మడుగు పక్కన వేడెక్కిన రేకు ఒకటి ఉంటే చాలు, మళ్లీ అంటుకుంటుంది. జనరేటర్ గదిలో, పెయింట్ల షాపులో రెండూ ఉండటం మంచిదనేది అందుకే. ఒక మినహాయింపు ఉంది. స్పిరిట్, మిథనాల్, శానిటైజర్ లాంటివి నీళ్లలో కలిసిపోయే ద్రవాలు. అవి మామూలు నురగను విరగ్గొట్టేస్తాయి. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే ఫోమ్ అని విడిగా దొరుకుతుంది. అది లేకపోతే పౌడరే దిక్కు.

బీ తరగతి సరుకు ఇళ్ల మధ్యకు వస్తే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో కాపురం ఉంటున్నవాళ్లలో కనీసం 9 మంది చనిపోయారు. అన్ని డ్రమ్ములు ఒకదాని తర్వాత ఒకటి అంటుకున్నాక చేతి సిలిండర్ ఏ రకమైనా ఒరిగేదేమీ లేదు. మొదటి డ్రమ్ము దగ్గర, మొదటి నిమిషంలో అయితే ఏమో. ఎక్స్‌టింగ్విషర్ పరిధి ఆ మొదటి నిమిషమే. అంత సరుకు అక్కడ ఉండకూడదన్నది అంతకంటే ముందు మాట.

ఇక వంటిల్లు. బజ్జీలకు పెట్టిన మూకుడు సంగతే చూద్దాం. నూనె 180 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు బజ్జీ పొంగుతుంది. ఫోనొచ్చి హాల్లోకి వెళ్తే నూనె ముందు పొగలు కక్కుతుంది, ఆ తర్వాత సుమారు 350 డిగ్రీలు దాటాక అగ్గిపుల్ల చూపకుండానే తనంతట తనే అంటుకుంటుంది. అప్పుడు చాలామంది చేతికి అందేది సింకు పక్కన గిన్నెలోని నీళ్లు. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, దిగీ దిగగానే ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతాయి. మండుతున్న నూనెను మొత్తంగా పైకి ఎగజిమ్ముతాయి. స్టవ్ మీద ఉన్న మంట కర్టెన్లకు, చీర కొంగుకు, మనిషి మొహానికి చేరేది అలాగే.

మెట్ల దగ్గరి ఏబీసీ పరుగున తెచ్చి కొట్టినా ఇబ్బందే. దగ్గర నుంచి కొడితే ఆ వేగానికి నూనె చిందుతుంది. మంట పడినా నూనె వేడి అలాగే ఉంటుంది గనక పొడి మబ్బు తేలిపోగానే మళ్లీ భగ్గుమనవచ్చు. కార్బన్ డయాక్సైడ్ (సీఓ2) సిలిండర్‌తోనూ అదే కథ. ఎఫ్ తరగతికి చేసిన వెట్ కెమికల్ సిలిండర్‌లో పొటాషియం లవణాల ద్రావణం ఉంటుంది. పొడవాటి గొట్టం చివర నుంచి సన్నటి తుంపరగా పడుతుంది, నూనె చిందదు. క్షారగుణమున్న ఆ ద్రావణం వేడినూనెతో కలిసి సబ్బు అవుతుంది. సబ్బుల తయారీలో సపోనిఫికేషన్ అనే చర్యే మూకుడులో జరిగి, పైన నురగ మూత కడుతుంది. నీళ్ల భాగం నూనెను చల్లబరుస్తుంది. ఏబీసీ పౌడరుకు ఆమ్లగుణం కాబట్టి ఈ సబ్బు కట్టదు.

ఇంటి మట్టుకు ఎఫ్ సిలిండర్ కొనాల్సిన పని లేదనే చెప్పాలి. స్టవ్ ఆపి, మూకుడు కంటే పెద్ద పళ్లెమో మూతో పక్క నుంచి జరుపుతూ కప్పి, చల్లారే దాకా తీయకుండా ఉంటే చాలు. కదపకూడదు, బయటికి మోసుకెళ్లకూడదు. కానీ ఫంక్షన్ హాలు వంటశాల, హాస్టల్ మెస్సు, కర్రీ పాయింటు, స్వీట్ల దుకాణం వేరు. ముప్పై లీటర్ల నూనె కాగే బాండీకి మూత ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ ఎఫ్ గుర్తున్న సిలిండర్ తప్పనిసరి అనుకోవాలి. విచిత్రమేమిటంటే, అలాంటి చోట్లే సిలిండర్ ఉంటే గింటే గల్లా పెట్టె వెనకాల గోడకు ఉంటుంది, పొయ్యి దగ్గర ఉండదు.

గ్యాసు మంట విషయంలో లేబుల్ మీద సీ ఉంది కదా అని తొందరపడితే ప్రమాదం. రెగ్యులేటర్ దగ్గర లీకై మండుతున్న గ్యాసును పౌడరుతో ఆర్పేశాక లీకు ఆగకపోతే, గ్యాసు వస్తూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. నేల మీద పాకి, తలుపు సందుల్లోంచి పక్కగదికి పోయి, ఫ్రిజ్ దగ్గరి చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. మండుతున్న గ్యాసు కంటే మండకుండా పోగైన గ్యాసే ప్రాణాంతకం. వాల్వు కట్టేయగలిగితే కట్టేయాలి, మంట అదే పోతుంది. వాల్వు దగ్గరికి వెళ్లడానికి దారి కోసం పౌడరు కొట్టడం సరైన వాడకం. అది కుదరకపోతే అందరినీ బయటికి పంపి 101కో 112కో ఫోన్ చేయడమే. మంట లేకుండా గ్యాసు వాసన మాత్రమే వస్తుంటే పిలవాల్సిన నంబరు 1906.

కంప్యూటర్లు, సర్వర్లు, స్కానింగ్ యంత్రాలు ఉన్నచోట ఏబీసీ మంటను ఆర్పుతుంది, యంత్రాన్నీ పాడు చేస్తుంది. ఆ పొడి సన్నటి సందుల్లో దూరి, గాలిలో తేమ తగిలాక ఆమ్లంగా మారి రాగి తీగలను, సర్క్యూట్ బోర్డులను తినేస్తుంది. ఒక బోర్డు కాలితే పది బోర్డులు మార్చాల్సి వస్తుంది. సీఓ2 అయితే మరక మిగలదు, కరెంటును మోయదు. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో హాలోన్లనే పాత మంటలార్పే రసాయనాలకు కాలం చెల్లాక వాటి స్థానంలో వచ్చిన క్లీన్ ఏజెంట్ సిలిండర్లు కూడా ఈ పనికే. ధర ఎక్కువ, ల్యాబ్‌లో పెట్టే యంత్రం ధరతో పోలిస్తే తక్కువే.

సీఓ2తో రెండు జాగ్రత్తలు. బయటికి వచ్చేటప్పుడు దాని చల్లదనం మైనస్ 78 డిగ్రీల దాకా ఉంటుంది, కాబట్టి వాయువు బయటికొచ్చే నల్లటి గరాటును (హారన్) వట్టి చేత్తో పట్టుకోకూడదు, పిడి దగ్గరే పట్టుకోవాలి. రెండోది గాలి. 4.5 కిలోల సిలిండర్ ఖాళీ అయితే దాదాపు 2.4 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. మూడు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, రెండున్నర ఎత్తున్న లిఫ్టు మెషిన్ రూంలో తలుపేసుకుని దాన్ని కొడితే గాలిలో పదో వంతు అదే అవుతుంది. ఆ పాళ్లలో పీలిస్తే మనిషి స్పృహ తప్పుతాడు. తలుపు దగ్గర నిలబడి కొట్టి, వెంటనే బయటికి రావాలి.

బ్యాటరీ బండ్ల మంట మీద అపోహలు ఎక్కువ. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఈ-బైక్ షోరూంలో మంటలు లేచాయి. పై గదుల్లో బస చేసినవాళ్లలో 8 మంది చనిపోయారు. ఆ తర్వాత ‘లిథియం లోహం కదా, డీ తరగతి పౌడరు కావాలి’ అన్న సలహా బాగా తిరిగింది. అది సరి కాదు. ఈ బండ్ల బ్యాటరీల్లో లిథియం లోహం ముద్దగా ఉండదు. లవణంగా, ఆక్సైడ్‌గా ఉంటుంది. మండేది ప్రధానంగా అందులోని ద్రావణి. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌ను వేడెక్కిస్తుంది, అలా వరసగా అంటుకుంటూ పోతుంది. పౌడరు పై మంటను పడగొట్టినా లోపలి వేడి పోదు. గడ్డివాము కథే, పొగ మాత్రం విషపూరితం. దీనికి కావాల్సింది చల్లార్చడం, అంటే ధారాళంగా, చాలాసేపు నీళ్లు. అది ఫైరింజను పని. గోడ మీది సిలిండర్ మహా అయితే పక్క బండికి అంటుకోకుండా, మెట్ల దారి మూసుకుపోకుండా కాసేపు ఆపుతుంది. అందుకే స్టిల్ట్ పార్కింగ్‌లో సిలిండర్ ఏది కొనాలన్న చర్చ కంటే చార్జింగ్ పాయింటు మెట్లకు, లిఫ్టుకు దూరంగా పెట్టాలన్న చర్చ అసోసియేషన్ మీటింగులో ముందు రావాలి.

డీ తరగతి నిజంగా అవసరమయ్యేది మెగ్నీషియం పొట్టు రాలే వర్క్‌షాపుల్లో, సోడియం వాడే ఫార్మా ల్యాబుల్లో. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ వైపు పనిచేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. సోడియం మీద నీళ్లు పడితే హైడ్రోజన్ పుడుతుంది. మెగ్నీషియమైతే సీఓ2లో కూడా మండుతుంది. దానికి తగిన పొడి లేదా బొత్తిగా తడిలేని ఇసుక మెల్లగా కప్పాలి, పీడనంతో కొట్టకూడదు.

రకం తేలాక మిగిలేది పరిమాణం, చోటు. పెద్దది మంచిదనుకుని 9 కిలోలది కొంటే ఇంట్లో ఉన్న పెద్దావిడ దాన్ని కొక్కెం నుంచి దించలేదు. లోపలి సరుకుతో పాటు డబ్బా బరువూ ఉంటుంది మరి. చిన్నదాన్ని పది సెకన్లు నొక్కితే ఖాళీ. ఇంటికి 2 కిలోలు, మెట్ల దగ్గరికి 4 లేక 6 కిలోలు సహేతుకం. ఎక్కడ నిలబడినా 15 మీటర్ల నడకలో ఒకటి అందాలన్నది లెక్క. మంట పుట్టగలిగే చోటికి ఆనించి పెడితే అవసరమైనప్పుడు మంట దాటి దాన్ని తీసుకోవాల్సి వస్తుంది. తలుపు దగ్గర, బయటికి పోయే దారిలో పెట్టాలి.

సర్వీసు ట్యాగు మీద సంతకం చూసి తృప్తి పడటం మరో అలవాటు. పౌడరు సిలిండర్‌కు ఒత్తిడి చూపే గేజి ఉంటుంది, ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. ఉన్నా సరే, ఏళ్ల తరబడి కదలకుండా వేలాడిన పొడి అడుగున గడ్డకట్టి ఉండొచ్చు. దించి తలకిందులు చేస్తే లోపల పొడి జారిన అలికిడి తెలియాలి. సీఓ2కి గేజి ఉండదు, తూకమే ఆధారం. ఖాళీ బరువు వాల్వు దగ్గర చెక్కి ఉంటుంది. కాటా తేకుండా ‘చెక్ చేశాం’ అని ట్యాగు రాసి పోయేవాళ్లు చెక్ చేయనట్టే. పౌడరు డబ్బాకు మూడేళ్లకు, సీఓ2 డబ్బాకు ఐదేళ్లకు హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో డబ్బా గట్టిదనం చూసే పరీక్ష, ఉంటుంది. ఆ తేదీ కూడా అడగాలి.

రీఫిల్ గడువు వచ్చినప్పుడు ఆ పాత సిలిండర్‌ను అలాగే ఆటోలో పంపేస్తారు, షాపువాడు అందులోది పారబోస్తాడు. దాని బదులు ఓ ఆదివారం పొద్దున ఖాళీ స్థలంలో రెండు అట్టపెట్టెలు తగలబెట్టి, గాలికి వీపు పెట్టి నిలబడి, పిన్ను లాగి, మంట మొదలు మీదికి గురిపెట్టి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపమని వాచ్‌మన్‌కు, పై అంతస్తు అమ్మాయికి, సెక్రటరీ గారికి తలా ఒక సిలిండర్ ఇవ్వవచ్చు. సీలు తెంపి పిన్ను లాగడానికి ఎంత బలం కావాలో, పొడి ఎంత మబ్బుగా కమ్ముతుందో, పది సెకన్లు ఎంత త్వరగా అయిపోతాయో చేతికి తెలుస్తుంది. ఖర్చు ఎలాగూ రీఫిల్‌కు కట్టేదే.